బిడ్డను పట్టుకున్నవాళ్ళ మాట

ఆయన పోయాడన్న కబురు వచ్చినప్పుడు నా చేతుల్లో ఒక బిడ్డ తల ఉంది. ఆదోనిలో మా ఆసుపత్రి పసిబిడ్డల వార్డు. కొత్తగా వచ్చిన డాక్టరు బిడ్డ గుండెను మిషన్‌లో చూస్తున్నాడు. నర్సును కాబట్టి బిడ్డ కదలకుండా నేను పట్టుకున్నాను. ఆయా తలుపు దగ్గరే నిలబడి చెప్పింది.

"అక్కా, మన పెద్దసారు పోయినాడంట. మద్దికెరలో. కడుపులో గడ్డ అంటాండ్రి గదా, అదే."

"ఎవరు సిస్టర్?" అన్నాడు కొత్త డాక్టరు, తెర మీంచి కళ్ళు తీయకుండా.

"మీరిప్పుడు చేస్తున్న పని ఈ వార్డులో మొదలుపెట్టినాయన" అన్నాను.

నాకు ఏడుపు రాలేదు. సిగ్గుపడుతూనే రాస్తున్నాను, మొదట వచ్చింది భయం. ఆయనకు చెప్పవలసిన మాట ఒకటి తొమ్మిదేళ్ళుగా నా దగ్గరే ఉండిపోయింది. రేపు చెబుదాం, ఈ నెల పోనీ, ఆయన మనసు బాగున్న రోజు చూసి చెబుదాం అనుకుంటూ వచ్చాను. ఇక చెప్పడానికి మనిషే లేడు.

ఆయన్ను తలుచుకుంటే నాకు ముందు గుర్తొచ్చేది మొహం కాదు, ఎడమ చంక. ఈ గుండె మిషన్ గర్భిణులకు చేసే స్కానింగ్ లాంటిదే. బిడ్డ రొమ్ము మీద జెల్లీ రాసి బొటనవేలంత పిడి ఆనిస్తే లోపల గుండె కొట్టుకోవడం, రక్తం ఎటు నుంచి ఎటు పోతున్నదీ తెర మీద కనిపిస్తాయి. ఆ జెల్లీ సీసాను ఆయన పొద్దున రాగానే చంకలో ఇరికించుకునేవాడు. "కిలో బిడ్డ. సల్లటి జెల్లీ పూస్తే మనల్ని చలికాలంలో తుంగభద్రలో ముంచినట్టుంటాది" అనేవాడు. సీసా చంకలో ఉండగానే రౌండ్లు, సీసా చంకలో ఉండగానే తల్లులతో మాటలు. ఉగ్గాని తినడం కూడా ఒంటిచేత్తోనే. చొక్కాలన్నిటికీ ఒకేచోట మరక. మేము చాటున చంక డాక్టరనేవాళ్ళం. ఆయనకు తెలియదనుకునేవాళ్ళం. ఒకరోజు వార్డు ఫోన్ ఎత్తి "ఆఁ, చంక డాక్టర్ని మాట్లాడతాండాను" అన్నాడు. మేమంతా నాలిక కరుచుకున్నాం.

పెద్దవాళ్ళ పట్ల ఆయనకు మర్యాద తక్కువ. మర్యాదంతా బిడ్డలకే. రెండురోజుల బిడ్డను కూడా పిడి ఆనించే ముందు అడిగేవాడు. "అప్పా, ఒగ పారి సూసి పోతా. అంతే." అదే నోటితో మావైపు తిరిగి "ఏమ్మా, కండ్లు యాడ పెట్టినావు?" అనేవాడు. ఇంటి నుంచి ఫోన్ చేసినా బీపీ ఎంత, షుగర్ ఎంత అని మొదట అడగడు. "అంకెలు తర్వాత సెప్పు. కాళ్ళు వెచ్చగుండాయా?" అంటాడు. పట్టుకొని చూడకుండా వెచ్చగున్నాయి సార్ అన్నామా, ఎట్లా కనిపెట్టేవాడో గానీ కనిపెట్టేవాడు. "పోయి పట్టుకొని రా పో" అని ఫోన్ పెట్టేయకుండా కాచుకునేవాడు.

ఆయన రాకముందు మా వార్డుకు ఒక అలవాటుండేది. బిడ్డ బీపీ పడిపోతే సెలైన్ ఎక్కించడం. ఎందుకు పడిందని అడిగేవాళ్ళు లేరు. డాక్టరు వచ్చేలోపలే సిరంజి నింపి పెట్టుకుంటే అదొక చురుకుదనం. వచ్చిన మొదటి వారంలోనే ఆయన నా చేతిలో సిరంజి లాక్కొని సింకులో పిండేశాడు. "సూడకుండా పొయ్యొద్దు. గుండె నిండుగా ఉండి, కొట్టుకోలేక సస్తాంటే నువ్వు ఇంగా పోస్తావా?"

నేను మొహం మాడ్చుకొని రెండు రోజులు మాట్లాడలేదు. ఆయన గమనించను కూడా లేదు. అప్పటికి పన్నెండేళ్ళ సర్వీసు నాది. నా చేతుల మీద బతికిన బిడ్డలు లేరా అనుకున్నాను. ఆయన మాటకు అర్థం మాధవరం బిడ్డతో గానీ నాకు తెలియలేదు. కూలికి పోయేవాళ్ళ బిడ్డ, పుట్టగానే ఏడవలేదు. బీపీ అట్టడుగుకు పోయింది. పాత లెక్కన అయితే పోసేవాళ్ళమే. ఆయన పిడి ఆనించి నన్ను పిలిచాడు.

"ఏం కనపడతాంది?"

"గుండె సార్."

"అది నాకూ తెలుసు. ఏం సేస్తాంది?"

"కొట్టుకుంటాంది సార్."

"సరిగా సూడు. నిండుగా ఉండాది. పిండుకునే శక్తి ల్యాదు. దీనికి నీళ్ళు గాదు, బలం గావాల."

బలమిచ్చే మందు సన్నగా ఎక్కించి, గంటకొకసారి మళ్ళీ చూశాడు. మందు వేసి వెళ్ళిపోవడం ఆయనకు చేతకాదు. వేసినాక గుండె ఏమన్నదో అడగాలి గదా అనేవాడు. సాయంత్రానికి ఆ బిడ్డ ఒంటికి పోసింది, అంటే ఒంట్లో రక్తం సరిగా తిరుగుతోందన్నమాట. ఆయన ఆ తడిగుడ్డను వార్డంతా తిప్పి చూపించాడు. అంత సంతోషంగా ఆయన్ను నేను మళ్ళీ చూసింది తక్కువ.

తెరను తల్లిదండ్రులకు చూపించి తీరాలన్నది ఆయన పంతం. నాకు చిరాకు. చెప్పుల కాళ్ళతో లోపలికి వస్తారు, ఏడుస్తారు, వార్డు సంతవుతుంది. "వాళ్ళ బిడ్డ, వాళ్ళు సూడొద్దా?" అనేవాడు. సేద్యం చేసేవాళ్ళకు కాలువలు, తూములు అని చెప్పేవాడు. వాళ్ళు తలూపేవాళ్ళు. ఎమ్మిగనూరు నుంచి వచ్చిన ఒక ముసలి నేతగాడికి మగ్గంతో పోల్చి చెప్పబోయి, పడుగునూ పేకనూ కలిపేశాడు. ముసలాయన ఓపిగ్గా విని, "సామీ, మగ్గం సంగతి నీకు తెలీదు. గుండె సంగతే సెప్పు" అన్నాడు. ఆ తర్వాత నేతవాళ్ళ ముందు ఆయన మగ్గం ఊసెత్తలేదు.

ఇవన్నీ ఒక ఎత్తు, ఆయన పెట్టిన నియమం ఒక ఎత్తు. గుండె చూసేటప్పుడు ఇద్దరుండాలి. ఒకరు పిడి పట్టాలి, ఒకరు బిడ్డను పట్టాలి. బిడ్డను పట్టుకున్నవాళ్ళు చాలంటే డాక్టరు ఆపేయాలి. ఎందుకని అడగకూడదు. "నేను తెర సూస్తాంటా. బిడ్డ సల్లబడేది, నీలం తిరిగేది నాకు కనపడదు, మీకు కనపడతాది. మీరు సాలంటే సాలు" అన్నాడు. నర్సు మాటకు డాక్టరు చెయ్యి ఆగడం మా ఆసుపత్రిలో అంతకుముందు ఎరగం. మొదటిసారి "సాలు సార్" అని మెల్లగా అన్నాను. ఆయన ఆ క్షణమే చేయి తీసేశాడు. ఆ రోజంతా నేను జానెడు పొడవు పెరిగినట్టు తిరిగాను.

ఆ మాటను నేనెట్లా వాడుకున్నానో ఇప్పుడు చెప్పాలి.

ఎమ్మిగనూరు నేతవాళ్ళ బిడ్డ. నెలలు నిండకుండా పుట్టిన ఆడబిడ్డ. ఆ తల్లికి అంతకుముందు రెండు కాన్పులు పోయాయి. ఇది నిలిస్తే ఉరుకుంద ఈరన్న దగ్గర తలనీలాలిస్తామని, బిడ్డకు ఈరమ్మని పేరు పెడతామని మొక్కుకున్నారు. పచ్చి బాలింత, తలకు గుడ్డ కట్టుకొని తలుపు దగ్గర నిలబడి, నేను కనబడితే చాలు "అక్కా, మా ఈరమ్మ ఎట్లుండాది?" అని అడిగేది. అప్పుడే పేరు పెట్టి పిలవద్దమ్మా అని నోటిదాకా వచ్చేది.

మూడోరోజు బిడ్డకు ఎగఊపిరి మొదలైంది. కడుపులో ఉన్నప్పుడు ప్రతి బిడ్డకూ గుండె దగ్గర ఒక అడ్డదారి ఉంటుంది. పుట్టాక తనంతట తానే మూసుకుంటుంది. నెలతక్కువ బిడ్డల్లో కొందరికి మూసుకోక, రక్తం ఊపిరితిత్తుల్లోకి పొంగుతుంది. మూయడానికి మందుంది. అయితే మందు వేసే ముందు ఒకటి చూసుకోవాలి. గుండె నుంచి ఒంటి కిందిభాగానికి పోయే పెద్ద రక్తనాళం వంపు దగ్గర సరిగా ఉందా లేదా అని. అక్కడ సన్నబడి ఉంటే నడుము కిందకు రక్తం అందించేది ఆ అడ్డదారే. దాన్ని మూస్తే బిడ్డ బతకదు. ఆ వంపు కనబడాలంటే తల వెనక్కి వంచి మెడ గుంటలో పిడి పెట్టాలి. చిన్న బిడ్డలు దానికి ఓర్చుకోరు.

అడ్డదారి పెద్దగా తెరుచుకొని ఉండడం ఆయన చూశాడు. పిడిని మెడ దగ్గరికి తెచ్చాడు. బిడ్డ గింజుకుంది. ఆక్సిజన్ అంకె కొంచెం తగ్గింది, కాళ్ళు కొంచెం చల్లబడ్డాయి. అది నిజం. గోడ గడియారంలో రెండు కావడానికి ఐదు నిమిషాలున్నాయి. అదీ నిజం. రెండుకు నా డ్యూటీ అయిపోతుంది. రెండుంబావు బస్సుకు పత్తికొండ పోవాలి, మా చిన్నమ్మ కూతురి నిశ్చితార్థం. కట్టుకోబోయే చీర సంచిలో ఉంది. బిడ్డను వెచ్చజేసి, కుదుటపడ్డాక మళ్ళీ పట్టుకుంటే ఇంకో అరగంట. అంతకంటే పట్టదు.

"సాలు సార్" అన్నాను.

ఆయన చేయి తీశాడు. "మెడ కాడ సూడల్యాదే" అని తనలో తాననుకొని, "సరేమ్మా, రేపు సూద్దాం" అన్నాడు. బిడ్డ ఊపిరికి పడుతున్న అవస్థ చూసి మందు మాత్రం అప్పుడే మొదలుపెట్టాడు. నేను పరుగెత్తి బస్సు అందుకున్నాను. కిటికీ పక్క సీటు కూడా దొరికింది.

మర్నాడు నాకు సెలవు. మందు పనిచేసిందట, ఊపిరి తేలికపడిందట. తేలికపడ్డ బిడ్డను కదిలించడమెందుకని ఆయన ఆ రోజూ ఆగాడు. ఆ మర్నాడు నేను వార్డులోకి అడుగుపెట్టేసరికి ఆయన పిడిని మెడ గుంటలో ఆనించి ఉన్నాడు. బిడ్డ గింజుకోవడం లేదు. నేను కాళ్ళు పట్టుకున్నాను. బావిలోంచి తీసిన రాళ్ళలా ఉన్నాయి. తెర మీద అడ్డదారి పూర్తిగా మూసుకుపోయి ఉంది. నాళం వంపు దగ్గర దారమంత సందు. మూసిన దారిని మళ్ళీ తెరిచే మందు అప్పుడు మా దగ్గర లేదు. కర్నూలుకు కారు పంపారు. మందు దారిలో ఉండగానే, పన్నెండు గంటల వేళ, బిడ్డ పోయింది.

ఆసుపత్రి పెద్దలు ఆయన్ను గదిలోకి పిలిచి, నెలతక్కువ బిడ్డ కదా, ఎవరూ ఏమీ అడగరు, మీరు ఏమీ చెప్పొద్దన్నారు. నిజంగానే ఎవరూ ఏమీ అడగలేదు. తండ్రి బిడ్డను తువ్వాలలో చుట్టుకొని, మీరు చానా కష్టపడినారు సార్ అని మాకు దండం పెట్టి మరీ పోయాడు. ఆ దండమే ఆయన్ను నిలవనీయలేదనుకుంటాను.

ఐదోరోజు నన్ను కారెక్కమన్నాడు. ఎక్కడికి సార్ అంటే, ఎమ్మిగనూరుకన్నాడు. "బిడ్డను పట్టుకునింది నువ్వు. ఆయమ్మకు నీ మొగం తెలుసు. నేనొక్కణ్ణే పోతే బెదురుతాది." దారంతా ఆయన చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనివాడిలా ఒళ్ళోంచి సీటు మీదికి, సీటు మీంచి ఒళ్ళోకి మార్చుకుంటూ కూర్చున్నాడు. నాకు భయం. ఆయన ఏం చెబుతాడోనని కాదు, నా మాట ఎత్తుతాడేమోనని.

ఒంటిగది ఇల్లు. సగం గదికి గుంతమగ్గం. భర్త నేత ఆపి, గుంతలో కాళ్ళు అట్లాగే ఉంచి, చేతులు జోడించాడు. ఆమె గోడ వారగా చాప మీద ఉంది. కూర్చోమన్నా ఆయన కూర్చోలేదు.

"అమ్మా, బిడ్డ నెలతక్కువై పోలేదు. నేను సూడాల్సిన సోట సూడకుండా మందేసినాను. ఆ మందు వల్లనే పోయింది."

భర్త జోడించిన చేతులు దించడం మరిచిపోయాడు. ఆమె లేచి నిలబడింది.

"ఎందుకు సూడల్యా?"

ఆ ప్రశ్నకు జవాబు ఆయనకు అడుగు దూరంలో నిలబడి ఉంది. ఆయన నావైపు కన్నెత్తి చూడలేదు.

"నాదే తప్పమ్మా. మరుదినం సూద్దామనుకుంటి. సూడకపోతి."

ఆమె గడప దాటి వీధిలో దోసెడు దుమ్ము ఎత్తింది. మా వైపు ఏ న్యాయమూ దొరకని ఆడది చివరికి చేసేది అదే. దుమ్మెత్తి పోసి శపిస్తే ఆ ఉసురు తగిలే తీరుతుందంటారు. బాలింత, వంగలేక వంగింది. "తినిన కూడు నీ కడుపులో నిలవకుండా పోతావు. నా ఉసురు నీకు తగలకుండా పోదు" అంటూ ఆయన మొహాన పోసింది. ఆయన కళ్ళు మూసుకున్నాడు గానీ తల తిప్పలేదు. నేను పక్కకు జరిగాను. దుమ్ము నా చెప్పుల మీద కూడా పడలేదు.

తిరిగి వచ్చేటప్పుడు కారులో "సార్, ఆ దినం నేను" అని మొదలుపెట్టాను. ఆయన చేయి అడ్డం పెట్టాడు.

"నువ్వు సాలంటే ఆపేది నేను పెట్టిన పద్ధతి. బిడ్డకు కష్టమైంది, నువ్వు సెప్పినావు. మళ్ళీ పెట్టి సూడకుండా మందేసింది నేను. ఆ రెండూ కలపద్దు."

కలపాల్సింది ఇంకొకటుంది సార్, బస్సు. ఆ మాట పైకి అనలేదు. ఆదోని చేరేదాకా ఆయన చొక్కా మీది దుమ్ము దులుపుకోలేదు.

సంగతి ఎమ్మిగనూరంతా పాకింది. ఆయన వారానికి రెండుసార్లు అక్కడికి మిషన్ తీసుకొని పోయి బిడ్డల్ని చూసేవాడు. అది నిలిచిపోయింది. తప్పు చేసి దాచుకున్నవాళ్ళ దగ్గరికి జనం పోతూనే ఉన్నారు, చేసి చెప్పినాయన దగ్గరికి మాత్రం రావడం మానుకున్నారు. ఇది రాస్తుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. మండే హక్కు నాకు లేదని కూడా తెలుసు. ఆ తర్వాత మిషన్ పెడితే ఆయన అన్నిటికన్నా ముందు మెడ దగ్గరే చూసేవాడు. ఎవరి బిడ్డ ఒంటికి పోసినా గుడ్డ పట్టుకొని తిరగలేదు.

నియమం మాత్రం మార్చలేదు. నేను భరించలేకపోయింది అదే. మార్చి ఉంటే, ఇకమీదట నర్సుల మాట వినను అని ఉంటే నాకు కొంత హాయిగా ఉండేది. కొత్త నర్సులు చేరినప్పుడల్లా నన్ను ముందుకు పిలిచి, "ఈయమ్మ మాదిరి ఉండాల. బిడ్డకు కష్టమైతే డాక్టరు మొగం సూడదు, సాలంటాది" అనేవాడు. వాళ్ళు నావైపు గౌరవంగా చూసేవాళ్ళు. నేను తల వంచుకుంటే అణకువ అనుకునేవాళ్ళు. చెప్పుతో కొట్టినా అంత నొప్పి ఉండదు.

రోగం బయటపడి, ఉద్యోగం మానేసి మద్దికెరకు పోయేరోజు, ఆయన గదిలో ఒక్కడే కాగితాలు సర్దుకుంటుంటే పోయాను. చెప్పడానికే పోయాను. చొక్కా భుజాల మీద వేలాడుతూ ఉంది. "ఏమ్మా?" అన్నాడు. "ఏం ల్యాదు సార్. ఆరోగ్యం జాగ్రత్త" అని వచ్చేశాను.

అంత్యక్రియలకు మద్దికెర పోలేదు. అక్కడ ఎవరో ఒకరు ఆయన నన్నెంత మెచ్చుకునేవాడో చెప్పి ఏడుస్తారు. ఎమ్మిగనూరు పోయాను.

ఈరమ్మ తల్లి ఒక్కతే మగ్గం మీద ఉంది. జుట్టు నెరిసింది. ఆ తర్వాత బిడ్డలు కలగలేదని వీధిలోనే చెప్పారు. నన్ను చూడగానే గుర్తుపట్టింది.

"ఆయప్ప పోయినాడంట గదక్కా. తిండి దిగక పోయినాడంట." ఆ గొంతులో సంతోషం లేదు. "ఇంటికొచ్చి నిజం సెప్పిన మనిషికి దుమ్ము పోస్తి. నా ఉసురే కొట్టిందేమో అని నిన్నటి నుంచి ముద్ద దిగల్యా నాకు."

"ఆ ఉసురు తగలాల్సింది ఆయనకు కాదమ్మా" అన్నాను.

మొత్తం చెప్పాను. గడియారం, బస్సు, సంచిలో చీర, నేనన్న మాట. బిడ్డ కష్టం చూడలేక ఆపానని ఆయన చివరిదాకా నమ్మాడని కూడా చెప్పాను. ఆమె చేతులు మగ్గం మీద ఆగి చాలాసేపైంది.

"ఆయప్పకు సెప్పనే ల్యాదా?"

"ల్యాదు."

"ఆ దినం ఈడ, ఆయప్ప పక్కనే నిలబడుకోని ఉంటివి గదా."

"ఉంటి."

ఆమె గుంతలోంచి కాళ్ళు తీసి లేచింది. గడప దాకా వచ్చి వీధిలో మట్టివైపు చూసింది. నేను కదలకుండా నిలబడ్డాను. ఈసారి పక్కకు జరగకూడదనుకున్నాను. నిజం చెప్పాలంటే, పోస్తుందన్న ఆశతోనే అంతదూరం పోయాను.

ఆమె వంగలేదు.

"ఆయప్పకు పెట్టిన ఉసురు వాపసు తీసుకునేకి రాదు" అంది. "నీకు పెడదామంటే నా కాడ ఇంగ ఏమీ మిగల్లేదు. పో అక్కా."